118 కరెక్టా? 236 కరెక్టా?

ఇంటర్ ఫిజిక్స్ పరీక్ష రోజు సెంటరు గేటు బయట అరగంట నిలబడితే, ఈ రాష్ట్రంలో చదువు సంగతి సగం అర్థమవుతుంది. మిగతా సగం ఫలితాల రోజు అర్థమవుతుంది. అప్పటికి ఆలస్యమవుతుంది.

ఒక మార్చి నెల మధ్యాహ్నం మిర్యాలగూడలో అట్లా నిలబడ్డాం. పన్నెండు గంటలకు గేటు తెరిచారు. పిల్లలు బయటికి వచ్చారు. ఎవరూ ఇంటి తొవ్వ పట్టలేదు. నాలుగైదు గుంపులుగా వేపచెట్టు కిందికి చేరి, ప్రశ్నపత్రాలు విప్పారు. ఎండ నెత్తి మీద ఉన్నది. పొద్దున ఆరు గంటలకు తిన్నది ఎప్పుడో అరిగిపోయింది. అయినా ఎవరికీ ఆకలి యాదికి లేదు. పాలకీడు దిక్కు పోయే పిల్లలది ఒక గుంపు. వాళ్ళ బస్సుకు ఇంకా టైం ఉన్నది. మేము వాళ్ళ పక్కన నిలబడ్డాం.

"నీకెంతొచ్చింది?" అని ఒక ఆడపిల్ల అడిగింది. "236" అన్నాడు పిలగాడు. ఆ పిల్ల మొఖం మాడిపోయింది. "నాకు 118 వచ్చింది" అన్నది. మూడోవాడు ఇద్దరి మొఖాలు చూసి, ప్రశ్నపత్రం మలిచి జేబుల పెట్టుకున్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. వాడికి 1.18 వచ్చిందట.

లెక్క ఏందంటే, ఇంటర్ రెండో సంవత్సరం పుస్తకం చదివిన ప్రతి ఒక్కరికీ తెలిసిందే. ఒక దిక్కు మూసిన గొట్టం, పొడవు 70 సెంటీమీటర్లు. ధ్వని వేగం సెకనుకు 331 మీటర్లు. ప్రాథమిక పౌనఃపున్యం ఎంత? పెద్ద ప్రశ్న చివర తోకలాగ తగిలించే రెండు మార్కుల లెక్క ఇది. ఒక చివర మూసిన గొట్టంలో నిలబడే అల, మొత్తం అలలో నాలుగో వంతు. అందుకని 331ని 0.7కు నాలుగింతలతో, అంటే 2.8తో భాగించాలి. 118 వస్తుంది. ఆడపిల్ల చేసింది ఇదే. రెండు చివరలూ తెరిచి ఉన్న గొట్టంలోనైతే సగం అల నిలబడుతుంది. అప్పుడు 1.4తో భాగించాలి. 236 వస్తుంది. పిలగాడు 'మూసిన' అన్న మాటను తొందరలో దాటేశాడు. మూడోవాడికి సూత్రం సరిగ్గానే యాదికున్నది. సెంటీమీటర్లను మీటర్లు చేయడం మరిచాడు. 280తో భాగించాడు.

ఇప్పుడు చూడండి ఈ పరీక్ష విచిత్రం. సూత్రానికి ఒక మార్కు, జవాబుకు ఒక మార్కు అనే లెక్కన దిద్దితే, 1.18 రాసినవాడికి సూత్రం మార్కు పడుతుంది. 236 రాసినవాడికి ఏమీ పడదు. కాని మనిషి చెవికి సెకనుకు ఇరవై కంపనాల కన్నా తక్కువ వినపడదు. 1.18 అంటే మోగని గొట్టం. ఆ పిలగానికి ఒక్క క్షణం ఆ సోయి వచ్చి ఉంటే, ఇదేంది, గొట్టం మోగుతున్నది అని ప్రశ్నలోనే ఉన్నది కదా, నా జవాబేమో మోగదంటున్నది అని వెనక్కి తిరిగి చూసుకునేవాడు. మీటర్లు యాదికి వచ్చేవి. భౌతికశాస్త్రానికి ఉన్న గొప్పతనమే అది. తప్పు జవాబు తన తప్పును తానే చెప్తుంది, వినే చెవి ఉంటే. మన పిల్లలకు జవాబును పక్కవానితో పోల్చుకోవడం వచ్చింది. లోకంతో పోల్చుకోవడం ఎవరూ నేర్పలేదు.

236 రాసిన పిలగాడు మాత్రం వేళ్ళ మీద లెక్కలు మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళుగా నడిచిన పేపరు పద్ధతి ఇదీ: రెండు మార్కులవి పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఎనిమిదింట్లో ఆరు. ఎనిమిది మార్కులవి మూడింట్లో రెండు. మొత్తం 60. గట్టెక్కాలంటే 21. "రెండు మార్కులవి ఐదు కరెక్టు, పది. నాలుగు మార్కులవి మూడు సగం సగం రాసిన, ఆరు. పెద్ద ప్రశ్న సగం, మూడేసుకో. పందొమ్మిది." అక్కడ ఆగాడు. లెక్క కరెక్టయితే ఇరవై ఒకటి. కాకపోతే పందొమ్మిది. వాడి ఏడాది మొత్తం 'మూసిన' అనే మూడు అక్షరాల మీద నిలబడ్డది.

"అన్నా, ఫార్ములా రాసినందుకన్నా ఒక్క మార్కిస్తరా?" అని మమ్మల్నే అడిగాడు. మేము లెక్చరర్లం కాదు. ఏం చెప్పాలి?

ఈ మాట అడగవలసింది మమ్మల్ని కాదు. అడిగితే జవాబు చెప్పవలసినవాళ్ళు వేరే ఉన్నారు. ఎంసెట్ రాస్తే, 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్, ప్రాథమిక కీ బయటపెట్టి అభ్యంతరాలు ఉంటే చెప్పుమంటారు. సీబీఎస్‌ఈ తన పన్నెండో తరగతి పేపర్లకు మార్కులు ఎట్లా పంచాలో చెప్పే పత్రాన్ని అందరూ చూసేటట్టు పెడుతుంది. మన ఇంటర్ పేపరుకు కూడా దిద్దేవాళ్ళ చేతిలో అటువంటి పత్రం ఉంటుంది. ఆ చెట్టు కింద ఉన్న పిల్లల్లో ఒక్కరు కూడా దాన్ని ఎప్పుడూ చూడలేదు. అటువంటిది ఒకటి ఉన్నదని కూడా సగం మందికి తెలియదు. ఏ మెట్టుకు ఎన్ని మార్కులో తెలియని ఆట ఆడి, ఫలితం కోసం నెల రోజులు ఎదురు చూసే పిలగాడు భయపడక ఏం చేస్తాడు?

భయం ఉత్తదే అనేవాళ్ళకు 2019ని యాది చేయాలి.

ఆ ఏడాది ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మొదటి, రెండో సంవత్సరాలు కలిపి తొమ్మిదిన్నర లక్షల మందికి పైగా రాశారు. మూడు లక్షలకు పైగా తప్పారు. మొదటి సంవత్సరంలో తొంభై దాటినవాళ్ళు రెండో సంవత్సరంలో సింగిల్ అంకెకు పడిపోయారు. పరీక్ష రాసినవాళ్ళకు గైర్హాజరు అని వచ్చింది. తెలుగులో సున్నా అని మెమో వచ్చిన ఒక ఆడపిల్లకు, తిరిగి చూస్తే 99 మార్కులు ఉన్నాయి. 99కి బదులు సున్నాను దిద్దారట! ఆ బిడ్డ తన పేపరు తాను నమ్మింది కనుక కొట్లాడింది. నమ్మనివాళ్ళ సంగతి? ఆ పది పదిహేను రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని అప్పటి పత్రికలు రాశాయి. తల్లిదండ్రులు నాంపల్లిలో ఇంటర్ బోర్డు ముందు కూర్చుని ఏడ్చారు. పోలీసులు వాళ్ళను వ్యాన్లలో ఎక్కించారు. హైకోర్టు అడిగింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసు ఇచ్చింది. అప్పుడు సర్కారు ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది, తప్పిన పిల్లలందరి పేపర్లు పైసలు తీసుకోకుండా మళ్ళీ చూడుమన్నది. మే నెలాఖరులో 1,137 మంది పాసైనట్టు తేలింది.

లక్షల్లో వెయ్యి మందే కదా అని అప్పుడు కొందరు పెద్దలు అన్నారు. మేము ఆ మాటను మరిచిపోలేదు. 1,137 మంది పిల్లలు పాసై కూడా నెలకు పైగా ఫెయిల్ అనే పేరుతో బతికారు. వాడకట్టులో తల దించుకున్నారు. వాళ్ళ ఇండ్లలో ఆ నెల ఎట్లా గడిచిందో ఏ కమిటీ రాసింది? ఆనాడు విద్యాశాఖ చూసిన మంత్రి ఎక్కడివారో కాదు, మన సూర్యాపేట ఎమ్మెల్యేనే. ఆంధ్రా పాలకుల మీద నెట్టడానికి వీల్లేదు. రాష్ట్రం వచ్చి అప్పటికి ఐదేండ్లు కావస్తున్నది. మన బోర్డు, మన అధికారులు, మన మంత్రి, మన పిల్లలు. ఈ పత్రిక చదివేవాళ్ళకు ఈ మాట చేదుగానే ఉంటుంది. ఉండాలి కూడా.

తర్వాతన్నా సోయి వచ్చిందా? 2021 డిసెంబరులో మొదటి సంవత్సరం ఫలితాలు వస్తే పాసైనవాళ్ళు 49 శాతం. కరోనా కాలంలో బడి మొఖం చూడని పిల్లలు, ఫోన్లో సిగ్నల్ కోసం గుట్టలెక్కిన పిల్లలు, ఇంట్లో ఒక్క ఫోను ఉంటే అన్నదమ్ములిద్దరూ పంచుకున్న పిల్లలు. వాళ్ళకు పరీక్ష పెట్టి సగం మందిని ఫెయిల్ చేశారు. మళ్ళీ చావులు. మళ్ళీ ధర్నాలు. చివరికి వారం దాటాక తప్పినవాళ్ళందరికీ 35 మార్కులేసి పాస్ చేస్తున్నామని ప్రకటించారు. చేసింది మంచిదే. కాని ఆ వారం రోజుల ముందు చేయడానికి ఏం అడ్డమొచ్చిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఇది కార్పొరేట్ కాలేజీల పాపం అనడం సులభం. కొంత నిజం కూడా. ఆ కాలేజీల హాస్టళ్ళలో పిల్లల చావుల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ వేశారు. ర్యాంకుల ఫ్లెక్సీలు అప్పుడు గోడల మీద ఉండేవి. ఇప్పుడు ఫోన్లలోకి వచ్చాయి, అంతే తేడా. కాని పాలకీడు పిల్లల కథ వేరు. ఆ హాస్టళ్ళ ఫీజులు కట్టే తాహతు వాళ్ళ ఇండ్లలో చాలామందికి లేదు.

పాలకీడు ఎక్కడున్నదో హైదరాబాద్ పాఠకులకు చెప్పాలి. నేరేడుచర్ల మండలంలో ఒక ఊరుగా ఉండేది. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడ్డప్పుడు మండలమైంది. ఒక దిక్కు కృష్ణా నది, ఇంకో దిక్కు సాగర్ ఎడమ కాలువ నీళ్ళ మీద బతికే వరి పొలాలు. సిమెంటు ఫ్యాక్టరీ, దాని లారీలు, ఆ లారీల దుమ్ము. జాన్‌పహాడ్ సైదులు దర్గా ఈ మండలంలోనిదే. జనవరిలో ఉర్సు జరిగితే హిందువులు, ముస్లింలు అని లేకుండా అన్ని ఊర్ల జనం కందూరు చేసుకుంటారు. ఉర్సు అయిన నెలన్నరకే ఇంటర్ పరీక్షలు. ఆ 118 రాసిన ఆడపిల్ల తల్లి కూడా సైదులుకు మొక్కుకున్నదట. మొక్కు ఎన్ని మార్కులకో అడగలేదు.

ఇటువంటి ఊరి పిల్లకు పరీక్ష అంటే ముందు బస్సు. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీలో టికెట్టు లేదు. ఇది పెద్ద ఆసరా, ఒప్పుకోవాలి. బస్సు రావాలి కదా! ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వమనే నిబంధన ఏండ్ల తరబడి నడిచింది. 2024లో ఆదిలాబాద్ జిల్లాలో ఆలస్యమైందని వెనక్కి పంపిన ఒక పిలగాడు ప్రాణం తీసుకున్నాకనే ఐదు నిమిషాల సడలింపు ఇచ్చారు. మన దగ్గర నిబంధన మారాలంటే ముందు ఒక చావు కావాలి. ఎన్నిసార్లు చూశాం ఇది!

ఇగ ఫిజిక్స్ సంగతి. 236 రాసిన పిలగాడు ఆ రోజు ఇంకో ప్రశ్న కూడా వదిలేసి వచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసే సూత్రం రాయుమన్న నాలుగు మార్కుల ప్రశ్న. "అది అస్తలేదన్నా" అన్నాడు. మాటల్లో మాటగా ఇంకో ముచ్చట చెప్పాడు. యాసంగి పొలానికి వాళ్ళది బోరు మోటరు. వాళ్ళ పొలం కాడి ట్రాన్స్‌ఫారం ఫీజు పోతే, నాయన పిలిస్తే పోయి ఆన్‌ఆఫ్ దించి ఫీజు తీగ కట్టి వస్తాడు. ఒక ఫేజు పోతే మోటరు గుర్రుమని గుంజి కాలిపోతదని తెలుసు. వైండింగు షాపులో కూర్చుని, కాలిన రాగి తీగ విప్పి ఎన్ని చుట్లున్నయో లెక్కబెట్టి, మళ్ళీ అన్నే చుట్లు చుట్టాలని, ఒక్కటి తక్కువైనా మోటరు తేడా కొడతదని చెప్పాడు. (ఆ ఫీజు కట్టడం ప్రాణం మీదికి తెచ్చే పని. లైన్‌మన్ చేయాల్సిన పనిని పదిహేడేండ్ల పిల్లవాడు ఎందుకు చేస్తున్నాడన్నది ఇంకో సంపాదకీయం.)

ఆ పిలగాడికి ట్రాన్స్‌ఫార్మర్ రాదని ఎవరన్నారు? పదకొండు వేల వోల్టులు దిగి మోటరుకు పనికొచ్చే నాలుగు వందల పైచిలుకు వోల్టులు ఎట్లా అవుతాయి? తీగ చుట్ల లెక్క వల్లనే. చుట్లు ఇరవై ఐదింతలు తక్కువైతే వోల్టులు ఇరవై ఐదింతలు తగ్గుతాయి. పుస్తకంలో ఉన్న సూత్రం అదే. లోపలి ఇనుప దిమ్మెను ముద్దగా పెట్టకుండా పలుచని రేకులుగా ఎందుకు పేరుస్తారో వైండింగు మేస్త్రీకి తెలుసు, ముద్దగా ఉంటే కాగి పోతుందని. పుస్తకం దాన్నే ఎడ్డీ ప్రవాహాలు అంటుంది. పిలగాని చేతిలో ఉన్న తెలివికి, పేపరు మీద ఉన్న ప్రశ్నకు మధ్య ఒక్క వంతెన కావాలి. ఆ వంతెన పేరే లెక్చరర్. ఆ వంతెన పేరే ల్యాబ్.

మా కాలంలో మేము చదివిన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అంటే ఒక గాజు అల్మారా. దానికి తాళం. స్క్రూగేజీ, వెర్నియర్ కాలిపర్స్, ఒక మీటరు బ్రిడ్జి అద్దం వెనక నుంచి కనపడేవి. ప్రాక్టికల్ పరీక్షకు రెండు రోజుల ముందు తాళం తీశారు. మా బ్యాచ్‌లో సగం మందికి స్క్రూగేజీ చేతికొచ్చింది పరీక్ష రోజే. రికార్డు పక్కవాని రికార్డు చూసి రాసినం. సోనోమీటరు మీద ఒక తీగను గుంజి మీటి, కాగితం ముక్క ఎగిరి పడితే అది అనునాదం అని చూపించినవాళ్ళు లేరు. ఒకవేళ చూపించి ఉంటే ఆ మాట ఎన్నడూ మరిచిపోయేవాళ్ళం కాదు. ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు. ఈ 30 మార్కులు ఎవరికి ఎట్లా పడతాయో లోకానికి తెలుసు. జంబ్లింగ్ పెట్టాలన్న మాట వచ్చినప్పుడల్లా ప్రైవేటు యాజమాన్యాలు ఎందుకు ఉలిక్కిపడేవో కూడా తెలుసు.

లెక్చరర్ల సంగతి మన ఉద్యోగ మిత్రులకు మేము చెప్పవలసిన పని లేదు. 2000 సంవత్సరం నుంచి సర్కారు జూనియర్ కాలేజీలను నడిపింది కాంట్రాక్టు లెక్చరర్లే. ఏడాదికి పది నెలల జీతం, ఏటా రెన్యువల్ భయం. ఉద్యమంలో ముందు నడిచినవాళ్ళలో వాళ్ళున్నారు. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిస్తే బడులు, కాలేజీలు మూతపడ్డాయి. ఆ ఏటి పిల్లలు సిలబస్ కాలేదని ఒక్క మాట అనలేదు. తర్వాత సెలవు రోజుల్లో కూర్చుని చదివారు, సార్లు కూర్చుని చెప్పారు. ఆ సార్లలో చాలామంది క్రమబద్ధం కావడానికి రాష్ట్రం వచ్చాక కూడా తొమ్మిదేండ్లు పట్టింది. 2023 ఏప్రిల్ 30న ఐదున్నర వేల మంది కాంట్రాక్టు ఉద్యోగుల ఫైలు మీద సంతకం పడ్డది. వాళ్ళలో ఎక్కువ మంది జూనియర్ లెక్చరర్లే. రెండు దశాబ్దాలు రేపటి గురించి భయపడుతూ పాఠం చెప్పినవాడు, పిల్లవానికి భయం లేని చదువు చెప్పాలంటే ఎట్లా? అయినా చెప్పినవాళ్ళున్నారు. వాళ్ళకు దండం.

ఇంకో ముచ్చట. 'పౌనఃపున్యం'. ఈ మాటను ఆ గుంపులో ఒక్కరు సరిగ్గా పలకలేదు. మేము కూడా రెండుసార్లు తడబడ్డాం. 'పునః పునః', అంటే మళ్ళీ మళ్ళీ అన్న మాటలోంచి వచ్చింది. సెకనుకు ఎన్నిసార్లు మళ్ళీ మళ్ళీ అనే లెక్క. ఈ ఒక్క ముక్క చెప్తే మబ్బు విడిపోతుంది. చెప్పరు. బట్టీ కొట్టిస్తారు. ద్రవ్యవేగం, అభికేంద్ర బలం, వ్యతికరణం, వివర్తనం. 1968లో తెలుగు అకాడమీ పెట్టి, పి.వి. నరసింహారావు మొదటి అధ్యక్షుడిగా, తెలుగులో పై చదువుల పుస్తకాలు తేవాలనుకున్నది మంచి సంకల్పమే. ఆ పుస్తకాలు లేకుంటే మన ఊర్ల నుంచి ఎంతమంది సైన్సు గడప తొక్కేవాళ్ళు! కాని మాటలు మాత్రం సంస్కృతం కొలిమిలో పోత పోసి తెచ్చారు. ఉద్యమ కాలంలో మనం దాన్ని రెండున్నర జిల్లాల భాష అన్నాం. భాష విషయంలో చాలావరకు నిజమే. ఫిజిక్స్ పుస్తకం విషయంలో కొంచెం ఆలోచించి మాట్లాడాలి. 'వక్రీభవనం' భీమవరం రైతు ఇంట్లో కూడా ఎవరూ అనరు. ఆ పుస్తకం ముందు పాలకీడు పిలగాడు, భీమవరం పిలగాడు ఇద్దరూ పరాయివాళ్ళే.

తెలంగాణకు ఈ తండ్లాట కొత్త కాదు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైతే, అంతకు ముందే 1917లో దారుల్ తర్జుమా పెట్టి ఫిజిక్స్, కెమిస్ట్రీ, వైద్యం ఉర్దూలోకి తెచ్చారు. ఫిజిక్స్‌ను 'తబీయాత్' అన్నారు. దేశంలో ఒక దేశభాషలో యూనివర్సిటీ చదువు నడపవచ్చునని చూపింది హైదరాబాదే. గొప్ప పని. కాని ఇంట్లో తెలుగు మాట్లాడే పిలగానికి అది కూడా పరాయి భాషే. 1948 తర్వాత ఆ చదువు పోయి ఇంగ్లీషు వచ్చింది. తర్వాత తెలుగు మీడియం. ఇప్పుడు సర్కారు బడుల్లో 2022 నుంచి మళ్ళీ ఇంగ్లీషు మీడియం. తాత తబీయాత్ చదివిండు, తండ్రి భౌతికశాస్త్రం చదివిండు, బిడ్డ ఫిజిక్స్ చదువుతున్నది. ముగ్గురిలో ఒకరి పుస్తకం ఇంకొకరికి పనికిరాదు. ఇంట్లో అడిగి చెప్పించుకునే దిక్కు లేనందుకే గదా, ఆ పిల్లలు గేటు బయట ఒకరినొకరు అడుక్కుంటున్నది!

ఇంగ్లీషు మీడియం వద్దని మేము అనడం లేదు. వద్దనే హక్కు మా పిల్లలను ఇంగ్లీషులో చదివించుకునే మాకు లేదు. తరగతి గదిలో ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇంగ్లీషులో రాయించండి, తెలుగులో చెప్పండి, ఊరి ట్రాన్స్‌ఫారం కాడికి తోలుకపోయి దూరం నుంచి చూపించండి. మూడూ చేయవచ్చు.

మార్కులకు ఇంత విలువ ఎందుకు అనే పెద్దమనుషులు ఉన్నారు. పదో తరగతికి 2012లో గ్రేడ్లు తెచ్చినప్పుడు పోటీ పోతుందన్నారు. మార్కుల ర్యాంకులు పోయి పదికి పది ఫ్లెక్సీలు వచ్చాయి. 2025 ఫలితాల నాటికి మార్కులు మళ్ళీ మెమోల మీదికి వచ్చాయి. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు ఉన్న 25 శాతం వెయిటేజీని 2023లో తీసేశారు. మరి ఇంటర్ మార్కులతో పనేమిటి? పాలకీడు పిల్లవానికి చాలా పని ఉన్నది. వాడు పోయేది ఐఐటీకి కాదు. 2016 నుంచి డిగ్రీ సీట్లు దోస్త్ ద్వారా ఇస్తున్నారు. అక్కడ చూసేది ఇంటర్ మార్కులే. ఏ కాలేజీ, ఏ ఊరు, హాస్టల్ దొరుకుతుందా లేదా అన్నది ఆ మెమోనే తేలుస్తుంది. ఫిజిక్స్‌లో పందొమ్మిది వచ్చినవాడు ముందు సప్లిమెంటరీ రాయాలి. అప్పటికి మంచి సీట్లు అయిపోతాయి. రెండు మార్కుల తేడా అంటే ఇదీ.

కనుక పిల్లలకు కొన్ని సంగతులు తెలియాలి. ఫలితాలు వచ్చాక రీకౌంటింగ్ అంటే మార్కులను మళ్ళీ కూడటం మాత్రమే. దానికి పేపరుకు వంద రూపాయల చొప్పున తీసుకున్నారు. రీవెరిఫికేషన్ అంటే దిద్దకుండా వదిలిన జవాబు ఏమన్నా ఉన్నదా అని చూసి, దిద్దిన పేపరు స్కాన్ కాపీ ఇవ్వడం. దానికి ఆరు వందలు. వరినాట్లకు పోయే తల్లికి ఒక రోజు కైకిలి కన్నా ఎక్కువ. ఈ రెండింట్లోనూ జవాబును మొదటి నుంచి మళ్ళీ దిద్దరు. చాలామంది ఈ తేడా తెలియక పైసలు కట్టి, ఏమీ మారలేదని ఏడుస్తారు. దిద్దిన జవాబు పత్రం సమాచార హక్కు కిందికి వస్తుందని, రాసినవారు అడిగితే చూపించాలని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో, సీబీఎస్‌ఈకి ఆదిత్య బందోపాధ్యాయకు మధ్య కేసులో తీర్పు చెప్పింది. సమాచార హక్కు దరఖాస్తు రుసుము పది రూపాయలు. విద్యార్థి సంఘాల మిత్రులు ఊరూరా ఈ ఒక్క ముక్క చెప్పినా చాలా పని అవుతుంది. బోర్డు ముందు ధర్నాకు ఎట్లాగూ పోతారు. దానికంటే ముందు పది రూపాయలతో ఈ పని చేయండి.

బోర్డును మేము అడిగేది పెద్దదేమీ కాదు. పేపర్లు దిద్దడం మొదలైన రోజే మార్కుల పంపిణీ పత్రాన్ని తెలుగులో, ఇంగ్లీషులో, ఉర్దూలో బయట పెట్టండి. తప్పిన పిల్లవానికి స్కాన్ కాపీ ఉచితంగా ఇవ్వండి. 2019లో లక్షల పేపర్లు ఉచితంగా చూసినప్పుడు మునిగిపోని ఖజానా ఇప్పుడు మునగదు. దాన్ని చూసిన పిల్లవాడు తన తప్పు తాను పట్టుకుంటాడు. 'మూసిన' అన్న మాట దగ్గర వాని కన్ను ఇంకోసారి జారదు.

బస్సు వచ్చింది. ఆడపిల్ల ముందు ఎక్కింది. 118 కరెక్టని అప్పటికి తెలిసింది దానికి, ఇంకో గుంపులో ఎవరో సార్ చెప్పాడు. అయినా నవ్వలేదు, పక్కన ఈ పిలగాడు ఉన్నాడని. 1.18 వాడు కిటికీ పక్కన కూర్చుని కెమిస్ట్రీ గైడు తీశాడు. 236 వాడు ఫుట్‌బోర్డు మీద నిలబడి, ఖాళీ నీళ్ళ సీసా మూతి దగ్గర పెదవులు పెట్టి ఊదాడు. బూ అని మోగింది. మా దిక్కు తిరిగి, "అన్నా, ఇది గూడ మూసిన గొట్టమే గదనే!" అన్నాడు. బస్సు కదిలింది.